ఊక పొయ్యి మీది చాయ

మీలో పెద్దది మొన్న ఫోన్ చేసి కొత్త ఉద్యోగం గురించి చెప్పింది. ఒక కంపెనీ ఏడాది పొడుగునా గాలిలోకి ఎంత బొగ్గుపులుసు వాయువు వదులుతుందో, కరెంటు ఎంత కాలుస్తుందో, నీళ్లు ఎన్ని వాడుతుందో, చుట్టుపక్కల జనాన్ని ఎట్లా చూసుకుంటుందో లెక్క కట్టి మార్కులు వేసే పని అట. అంతా విని, "మరి గా కంపెనీ పక్కన ఎవలింట్ల చాయ తాగినవ్ బిడ్డా?" అని అడిగాను. అది పకపకా నవ్వింది.

"అమ్మమ్మా, నేను ఆఫీసులనే కూసుంట. కంపెనీవోళ్లే లెక్కలు పంపిస్తరు" అంది.

"అమ్మమ్మకు అన్నిట్ల చాయే" అని వెనక నుంచి చిన్నవాడు.

అన్నిట్లో కాదురా నాన్నా. ఈ పనిలో మాత్రం చాయ కావాలి. ఆ ఉద్యోగం కొన్నాళ్లు నేనూ చేశాను, మీ అమ్మలకు కూడా సగమే తెలుసు. మీరు దూరాన ఉన్నారు, దగ్గరుంటే అన్నాలు తినిపిస్తూ చెప్పేదాన్ని. ఇట్లా రాసి పంపుతున్నాను, తీరిగ్గా చదవండి.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ నల్లగొండ జిల్లాలోనే ఉండేవి. సూర్యాపేటలో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యి, మీ తాతతో మిర్యాలగూడలో ఉంటున్నాను. మిర్యాలగూడ అంటే రైసుమిల్లులు. నానబెట్టిన వడ్ల పులిసిన వాసన ఊరి పొలిమేరలోనే ముక్కుకు తగులుతుంది. ఆరేసిన తెల్లచీర మీద సాయంత్రానికి నల్లటి బూడిద చుక్కలు పడతాయి. అవి దులిపితే పోతాయి, రుద్దితే అంటుకుంటాయి. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లకు అత్తలు చెప్పే మొదటి పాఠం అదే.

కోదాడ రోడ్డు వైపు ఒక కంపెనీ వాళ్లు ఊక కాల్చి కరెంటు తీసే ప్లాంటు పెట్టారు. ఆ ప్లాంటు మేనేజరు ఒకరోజు మా ఇంటికి వచ్చాడు. కృష్ణా నది అవతలి మనిషి, మాటకు ముందొక 'అండీ' వెనకొక 'అండీ'.

"మద్రాసు నుంచి మా కంపెనీని పరీక్ష చేసేవాళ్లు వస్తున్నారండీ. ఇళ్లలో ఆడవాళ్లతో మాట్లాడాలంట. వాళ్లకి తెలుగు రాదు. ఇంగ్లీషు తెలిసిన ఆడమనిషి, ఊరికి తెలిసిన ముఖం కావాలండీ" అన్నాడు.

మీ తాత పేపర్ వెనక నుంచి తల ఎత్తాడు. "పిల్లలు అయిపోయిన్రు, ఇగ పొగకు పరీక్ష పెడ్తవా? ఫెయిలయితే గోడకుర్చీ ఎయిస్తవా?" అన్నాడు. నేను ఒప్పుకున్నాను. నిజం చెప్తున్నా, ఇంట్లో కూర్చుని విసుగు పుట్టింది.

వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకాయన నా వయసువాడు, నుదుట సన్నటి విభూతి, మాట తక్కువ. రెండోది ఇంజనీరు పిల్ల, ఇప్పుడు మీలో పెద్దదానికున్న ఈడే. వాళ్లతో నేను ఇంగ్లీషులో మాట్లాడేదాన్ని. పెద్దాయన మొదటిరోజే ఒక షరతు పెట్టాడు. వాళ్లు ఏం చెబితే అది చెప్పాలి. కలపకూడదు, మింగకూడదు. సరే అన్నాను.

జీపులో పోతూ పని ఏమిటో అడిగాను. ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు మీకు చెప్తాను. ఊక కాలితే పొగ వస్తుంది, నిజమే. కానీ ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువును వచ్చే పంటకు వరి మొక్క మళ్లీ పీల్చుకుంటుంది. అందుకని దాన్ని కంపెనీ మీద వేయరు. పైగా ఈ కరెంటు లేకపోతే అంత కరెంటు బొగ్గు కాల్చి తీయాలి కాబట్టి, ఆ బొగ్గు పొగ తప్పించినందుకు కంపెనీకి మంచి మార్కులు. ఆ మార్కులను వేరే దేశాల వాళ్లు, తాము వదిలే పొగకు చెల్లుగా చూపించుకోవడానికి, కొనుక్కుంటారట.

"అంతా బాగానే ఉంది కదా, మరి ఇళ్లకు వెళ్లడం ఎందుకు?" అన్నాను.

"ఈ ఊక ఇంతకుముందు వృథాగా పోయేదా, ఎవరైనా వాడుకునేవారా? అది తెలియాలి. ఎవరి పొయ్యిలోదో లాక్కొచ్చి ఇక్కడ కాలిస్తే, వాళ్లు చెట్టు కొట్టి పొయ్యిలో పెడతారు. అప్పుడు కంపెనీ పొగ తగ్గించినట్టా? ఇక్కడిది అక్కడికి జరిపినట్టా?" అన్నాడు ఆయన.

ఇన్నేళ్లు సైన్సు చెప్పి నాకు ఆ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు. రోడ్డు పక్క తుమ్మ చెట్లను కొత్తగా చూశాను ఆ పూట.

కోదాడ వైపు పని తేలిగ్గా అయింది. అక్కడ ఒక మిల్లు ఓనరు కుర్చీలు వేయించి, "ఊకతో మాకు తలనొప్పేనండీ. వానొస్తే కుళ్లుద్ది, గాలొస్తే ఎగురుద్ది. రోడ్డు పక్కన పోసి తగలబెట్టేవాళ్లం. ఈ కంపెనీ ఆయన దేవుడల్లే వచ్చాడు" అన్నాడు. మిల్లు వెనక కాలిన నల్లమచ్చ ఎకరం మేర కనిపిస్తూనే ఉంది. అబద్ధం కాదు. సూర్యాపేట పక్కన ఇటుక బట్టీల వాళ్లు కొంత ఊక కొంటామని చెప్పారు, అదీ రాసుకున్నారు. ఇక మిగిలింది మా మిర్యాలగూడలోనే ఒక సందు.

పెద్ద ఉప్పుడుబియ్యం మిల్లు ఒకటి ఉంది, దాని వెనక గోడకు ఒక ఇనుప గేటు. గేటు బయట సందు. ఆ సందులో ఉండేవాళ్లు ఎక్కువమంది మోతె, తుంగతుర్తి వైపు నుంచి వచ్చిన కుటుంబాలు. ఊర్లో గొర్లో, రెండెకరాల చెలకో ఉండేది, కరువుకు ఇటు వచ్చి మిల్లు పనిలో పడ్డారు. సందు చివర గేటుకు ఆనుకుని ఒక అత్తాకోడళ్ల ఇల్లు. కోడలు సాయంత్రం బస్టాండ్ దగ్గర మిర్చిబజ్జీల బండి పెట్టేది. కొడుకు మిల్లులో హమాలీ, నడుం పట్టేసి పనికి పోలేక ఇంట్లో పడి ఉన్నాడు. అంటే ఇల్లు నడిచేది ఆ బజ్జీల బండి మీదనే. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మొదటి ఇంట్లోకి పోయాం. ఇంజనీరు పిల్ల అడిగింది, నేను తెలుగులో చెప్పాను: "మీరు వంట దేని మీద వండుతరమ్మా?"

ఆమె తటాలున, "గ్యాస్ మీదనే మేడం. గ్యాస్ తప్ప మాకు ఇంకోటి తెల్వదు" అంది. అలికిన గట్టు మీద గ్యాస్ పొయ్యి మెరుస్తోంది. పసుపు, కుంకుమ, ముందు ఒక బంతిపువ్వు. పొయ్యి గాజు పలక మీద నెమలి బొమ్మ స్టిక్కరు, తోక సగం చిరిగింది.

"ఊక ఎప్పుడైనా వాడతరా?"

"ఛీ ఛీ. ఊకెందుకు మేడం? గా కంపెనీవోళ్లే తీస్కపోనీ."

చెప్పింది చెప్పినట్టు చెప్పాను. పెద్దాయన రాసుకున్నాడు. మేనేజరు ముఖం వెలిగిపోయింది.

రెండో ఇంట్లోనూ గ్యాస్. మూడో ఇంట్లోనూ గ్యాస్. మూడో ఇంట్లో ఇంజనీరు పిల్ల పొయ్యి వైపే చూస్తూ, నా చెవి దగ్గర మెల్లగా అంది: "టీచర్, ఈ ఊళ్లో అందరూ తోక చిరిగిన నెమలి ఉన్న పొయ్యే కొంటారా?"

నాకూ అప్పుడే అనుమానం వచ్చి ఉంది. ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని, వెనక నడుమెత్తు గోడలే. మేము ముందు నుంచి ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి పోయేలోపు, ఆ పొయ్యి గోడల మీదుగా మాకన్నా ముందు పోతోంది. బంతిపువ్వుతో సహా.

చివరి ఇల్లు చేరేసరికి మాత్రం పొయ్యి ఆలస్యమైంది. గడప దగ్గర నిలబడ్డాం. లోపల వెనక వాకిట్లో నుంచి గుసగుసగా అరుపులు.

"జల్ది ఇయ్యవే, వొచ్చిండ్రు!"

"ఆగు, పైపు ఊడుతలేదు!"

"పైపెందుకే, నీ తలకాయ! పొయ్యి ఒక్కటియ్యి!"

"సిలిండర్ లేంది నమ్ముతరా?"

"నీ సిలిండర్ల గ్యాస్ ఉన్నదా ఏంది పెద్ద?"

ఆ మాటలు నేను ఇంగ్లీషులో చెప్పాలా వద్దా? కలపకూడదు, మింగకూడదు అన్నారు. అడిగిన ప్రశ్నకు జవాబు కాదు కదా అని ఊరుకున్నాను. ఇంజనీరు పిల్లకు భాష రాకపోయినా సంగతి తెలిసిపోయినట్టుంది, కింది పెదవి కొరుక్కుంటూ నేల చూస్తోంది.

ముందర నులకమంచం మీద అత్త కూర్చుని ఉంది. సన్నటి మనిషి, చేతులకు వెండి కడియాలు. మమ్మల్ని కూర్చోబెట్టి, "ఎండల పడి వొచ్చిన్రు, సాయ తాగకుంట పోతరా?" అని లేచి, మేము వద్దంటున్నా వినకుండా వెనక్కి పోయింది. అటు నుంచి కోడలు వచ్చి నిలబడింది. కొంగుతో చేతులు తుడుచుకుంటూ, దగ్గు ఆపుకుంటూ. "మేం గ్యాసే మేడం" అంది, మేము ఇంకా అడగకముందే.

అత్త స్టీలు గ్లాసుల్లో చాయ తెచ్చింది. మీగడ తేలుతున్న గేదెపాల చాయ, అందులో సన్నటి పొగ వాసన. పొగ అంటే చెడ్డ వాసన కాదు. వడ్లు వేయించినప్పటి కమ్మదనం కొంచెం ఉంటుంది దానిలో. ఇంజనీరు పిల్ల ఒక గుక్క తాగి కళ్లు పెద్దవి చేసింది. చాలా బాగుంది, ఎట్లా చేశారో అడగమంది. అడిగాను.

ముసలామెకు ముఖం విప్పారింది. "గట్లడుగు బిడ్డా. గ్యాస్ మీద ఉడికినదాన్ని ఇంటికొచ్చిన మనిషికి పోస్తరా ఎవలన్న? ఊక పొయ్యి మీద మెల్లగ మరగాలె. గప్పుడే సాయ."

కోడలు నెత్తి కొట్టుకుంది. "అత్తా! గిప్పుడే సెప్పాల్నా? సందు సందంత ఒక్క మాట మీదుంటే!"

"నేనేం సెప్పిన్నే? సాయ గురించి సెప్పిన."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను ఆ అత్తాకోడళ్ల మాటలు ఒక్కటీ వదలకుండా ఇంగ్లీషులో చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టకుండానే లేచి, పొయ్యి చూడొచ్చా అన్నాడు.

వెనక వాకిట్లో ఊక పొయ్యి గోనెసంచి కింద నక్కి ఉంది, సంచి అంచు కాలుతోంది. పాత నూనెడబ్బా అది. కింద పక్కకు ఒక రంధ్రం. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, సీసాను మెల్లగా తిప్పుతూ పైకి లాగితే నడుమ గొట్టం మిగులుతుంది. కింది రంధ్రంలో చిన్న పుల్ల వెలిగించి పెడితే పూట వంటంతా దాని మీద అయిపోతుంది. గోడ అవతల పక్కింటామె నెమలి పొయ్యిని చంకన పెట్టుకుని నిలబడి ఉంది, ఇటు అందియ్యాలా అటు దాచాలా తెలియక.

"ఇంకేం దాస్తవ్, ఇటియ్యి. ఎత్తి ఎత్తి నీ చెయ్యి గుంజుతది" అంది ముసలామె. సందంతా గొల్లున నవ్వింది.

నేను కోడల్ని పక్కకు పిలిచి అడిగాను, ఎందుకమ్మా ఇదంతా అని. ఆమెకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మహిళా సంఘంల గ్యాస్ కనెక్షన్లు ఇచ్చిన్రు గదా టీచరమ్మ. సిలిండర్ అయిపోతే మళ్ల నింపుకోను మాకేడయితది? సిలిండర్లు అటుక మీద పెట్టినం, పొయ్యిలు అమ్ముకున్నం, సందుకంత గీ నెమలిది ఒక్కటే మిగిలింది. మీరు జీపుల వొస్తున్నరని, గ్యాస్ వాడనోళ్ల కనెక్షన్ గుంజుకపోతరని నిన్న ఎవలో సెప్పిన్రు. నా పేరు మీద ఉన్నది గా కనెక్షన్ ఒక్కటే. గుంజుకపోతరా?"

అదీ సంగతి. వాళ్లు పరీక్ష తమకే అనుకున్నారు. కంపెనీకి పరీక్ష పెట్టడానికి తన వాకిట్లోకి ఎవరైనా వస్తారని ఆమె ఎట్లా అనుకుంటుంది?

గ్యాస్‌తో మాకు పనిలేదని, ఈ గేటు నుంచి వచ్చే ఊక మొత్తం కరెంటు ప్లాంటుకు పోతుందని, మీరు ఊక వాడరని చెప్తే అదే రాసుకుని పోతారని విడమర్చి చెప్పాను. ఆమె గేటు వైపు చూసింది. గేటు ఊచల నడుమ నుంచి మిల్లు ఊక కుప్ప బంగారు రంగులో కనపడుతోంది. రోజూ పొద్దున గేటు తీసినప్పుడు సందులో ఆడవాళ్లు డబ్బాల్లో, గంపల్లో నింపుకుంటారు. మిల్లు సేటు ఏమీ అనడు.

"మొత్తమా?" అంది. "అయితే నా బండి? నా బజ్జీల మూకుడు దేని మీద పెట్టాలె?"

ఆమె తానే మా మధ్యకు నడిచి వచ్చి, పెద్దాయన ముందు నిలబడి, తెలుగులోనే చెప్పింది, ఆయనకు రాదని మరిచిపోయి. "సార్, నేను సెప్పింది కొట్టెయ్యి. ఇంట్ల ఊకనే, బండి మీద ఊకనే. ఈ సందుల అందరిదీ ఊకనే. రాస్కో."

మేనేజరు ఇబ్బందిగా కదిలాడు. "ఈళ్లు డబ్బాడు ఊక తీసుకుంటే ఎంతండీ? మా బాయిలరుకి ఒక గుక్క కూడా కాదు" అన్నాడు.

పెద్దాయన నింపాదిగా, "ఒక్క సందయితే గుక్క కాదు. ఈ ఊళ్లో ఎన్ని మిల్లులకు వెనక గేట్లు ఉన్నాయి?" అని అడిగాడు.

మళ్లీ మొదటి ఇంటి నుంచి మొదలుపెట్టాం. ఈసారి ఎవరూ ఏమీ దాచలేదు. ఊక పొయ్యిలు గోనెల కింద నుంచి, మంచాల కింద నుంచి బయటికొచ్చాయి. చాయ మాత్రం ప్రతి ఇంట్లో తాగాల్సి వచ్చింది. ఒకరింట్లో తాగి ఇంకొకరింట్లో వద్దంటే ఊరుకుంటారా?

తిరిగి వస్తుంటే జీపులో ఇంజనీరు పిల్ల పెద్దాయన్ని అడిగింది. "సార్, ఆమె దగ్గు విన్నారా? రేపు ఊక ఆమెకు దొరికేటట్టు చేస్తాం. అంటే ఆ పొగ కూడా ఆమెకు ఖాయం చేస్తున్నాం. మనం చేసింది మంచేనా?"

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "కంపెనీ గాలిలోకి వదిలేది లెక్క కట్టడానికి వచ్చాం. ఆమె దగ్గు రాయడానికి మన కాగితంలో గడి లేదు. కంపెనీకి ఇది చెయ్యి, అది చెయ్యి అనే అధికారం కూడా నాకు లేదు. నా చేతిలో ఉన్నది తీసివేత ఒక్కటే. ఊక దొరక్క వాళ్లు కట్టె కాలిస్తే ఆ పొగ కంపెనీ మార్కుల్లోంచి తీసేస్తాను. అంతే" అన్నాడు.

ఆ పిల్ల ప్రశ్న ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

మార్కులు పోతాయన్న మాట పనిచేసింది. మిల్లు వెనక గేట్ల దగ్గర సందులవాళ్లకు సరిపడా ఊక వదిలిపెడతామని కంపెనీ ఒప్పుకుంది. మిల్లు సేట్లతో కూడా మాట్లాడుకున్నారు, ఊక కొనేది కంపెనీయే కనుక ఆ గేట్ల తాళాలు మేనేజరు దగ్గర పెట్టారు. ఏటా ఒకసారి వచ్చి చూసి పోతామని పెద్దాయన చెప్పి వెళ్లాడు.

ఆ తర్వాతి ఏడు మీలో చిన్నవాడు పుట్టాడు. సూర్యాపేట దవాఖానలో నెలలు నిండకముందే కాన్పు. వాడి అమ్మ దగ్గరే ఉండిపోయాను చాలా నెలలు. మిర్యాలగూడ ముఖం చూడలేదు. మద్రాసు వాళ్లు మళ్లీ వస్తున్నారని మేనేజరు కబురు చేస్తే, ఆ పొద్దున్నే బస్సెక్కి నేరుగా సందుకు పోయాను.

పోతే, గేటుకు ఆకుపచ్చ రంగు! ఇంకా చేతికి అంటుతోంది. మీద మామిడి తోరణం, బంతిపూల దండ. గేటు బార్లా తీసి ఉంది. బయట ఊక కుప్ప, అంచులు సాఫుగా సర్ది, పెళ్లి పందిట్లో పోసిన తలంబ్రాల రాశిలా. ఆడవాళ్లు వరసగా నిలబడ్డారు. అందరి చేతుల్లో ఒకే రకం కొత్త డబ్బాలు. మేనేజరు జీపు దిగినవాళ్లకు ఎదురొచ్చి, "చూశారాండీ, ఇచ్చిన మాట ప్రకారం" అన్నాడు. ఇంజనీరు పిల్ల ముఖం వెలిగింది. ఈ ఏడాదిలో తెలుగు కొంచెం నేర్చుకుంది. ముసలామె దగ్గరకు పోయి, "అవ్వా, చాయ" అని తనే అడిగింది.

"ఎందుకు పొయ్యను బిడ్డా" అని ముసలామె లోపలికి పోయింది. కోడలు గుమ్మానికి ఆనుకుని నిలబడింది. నన్ను చూసి నవ్వింది కానీ ఆ నవ్వు ముఖమంతా పాకలేదు.

చాయ వచ్చింది. పిల్ల ఒక గుక్క తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగి గ్లాసులోకి చూసింది. నేనూ తాగాను. మీగడ అదే, పాలు అవే, పొగ వాసన కూడా ఉంది. కానీ గొంతులో గరుకుగా, చేదుగా పట్టుకుంది.

"అవ్వా, ఇది ఆ చాయ కాదు" అంది పిల్ల.

ముసలామె కోడలి వైపు చూసింది. పోయినసారి తిట్లు తిన్నది గుర్తున్నట్టుంది. కోడలు కొంగు బిగించి, "సెప్పు అత్తా. ఈసారి నువ్వే సెప్పు" అంది.

"గా సాయ యాడికెల్లి వస్తది బిడ్డా? గేటుకు తాళం ఏసి ఎన్ని నెలలాయె. నిన్ననే తీసిన్రు. ఇగో ఈ కుప్ప పోసిన్రు గని తడి ఊక, అంటుకుంటే గదా? సర్కారు తుమ్మ కొట్టుకొచ్చి కాలుస్తున్నం. బజ్జీల బండి కాడ కూడ గదే. పొగకు కండ్లు పోతున్నయి. కట్టెకు పొద్దంత పాయె, బండి రోజిడిచి రోజు పెడుతుంది ఇది."

నేను చెప్పాల్సిన పని లేకుండానే ఆ పిల్లకు చాలామట్టుకు అర్థమైంది. మిగతాది నేను చెప్పాను. ఆమె కుప్ప దగ్గరకు పోయి చెయ్యి లోపలికంటా పెట్టింది. ఊక చేతికి అంటుకుని వచ్చింది, ముక్కిన వాసన.

మేనేజరు రంగు అంటుకున్న వేళ్లు చూసుకుంటూ నిలబడ్డాడు. "పైనుంచి బాయిలరుకి ఊక చాలట్లేదని ఒకటే ఫోన్లండీ. ఈళ్లకి వదిలిన గంపెడు కూడా అడిగారు. నేనేం చెయ్యనండీ? ఈ నాలుగు రోజులు గడిస్తే చాలనుకున్నాను" అన్నాడు. నాకు కోపం రాలేదు. ఆయన గేటుకు కట్టిన బంతిపూలు చూస్తుంటే, పోయినేడు గోడలు దాటిన నెమలి పొయ్యి ముందరి బంతిపువ్వు గుర్తొచ్చింది. పై నుంచి ఎవరో వచ్చి ఏదో గుంజుకుపోతారన్న భయం ఆ సందులో ఆడవాళ్లకెట్లా ఉండిందో, ఈయనకూ అట్లాగే ఉంది.

పెద్దాయన కుప్ప చూశాడు, తుమ్మ మోపులు చూశాడు, రాసుకున్నాడు. "ఈ సందు పొగ ఏడాది మొత్తానిది మార్కుల్లోంచి తీసేస్తున్నాను. మిగతా గేట్లు కూడా చూస్తాను" అన్నాడు. సాయంత్రం దాకా గేటు గేటూ తిరిగాం. కొన్ని తెరిచే ఉన్నాయి, కొన్నిటికి తాళం. తెరిచి ఉన్నచోట చాయ బాగుంది.

మళ్లీ ఆ సందు చివరకే వచ్చి జీపు ఎక్కబోతుంటే మేనేజరు పెద్దాయన ముందుకొచ్చాడు. "సార్, నాకొకటి తోస్తోందండీ. తాళం నా దగ్గరుంటే పైనుంచి ఫోనొచ్చినప్పుడల్లా నేనే వెయ్యాలి. మిల్లు సేటుతో నేను మాట్లాడతాను. చెవి ఈళ్ల సంఘం దగ్గరే ఉంటే, నా చేతిలో లేదని చెప్పుకుంటానండీ" అన్నాడు.

పెద్దాయన ఆ రోజు మొదటిసారి నవ్వాడు. "అది నేను చెప్పలేను, మీరు చెయ్యొచ్చు" అన్నాడు.

ఆ వారంలోనే సేటు ఒప్పుకున్నాడు. మేనేజరు తాళంచెవి తెచ్చి సంఘం ఆడవాళ్ల ముందు పెట్టాడు. ఎవరి దగ్గర ఉండాలని కాసేపు వాదులాట. కోడలు, "మా అత్త దగ్గరుంచుండ్రి. ఆమె నోట్ల ఏ మాట ఆగది, చెవి గూడ ఎవలకు ఇయ్యదు" అంది. ముసలామె దాన్ని కొంగుకు ముడి వేసుకుని, కడియాలు గలగలలాడించి, "ఇగ మిల్లు నాదే. సేటును రేపట్నుంచి జల్ది రమ్మను" అంది.

ఆ తర్వాత గేటు మళ్లీ మూసినట్టు నేను వినలేదు. కోడలి బండి మళ్లీ రోజూ బస్టాండ్ దగ్గర కనపడేది. మీ తాత మిర్చిబజ్జీకి అక్కడికే పోయి, "నీ పొగ పాసయిందా?" అని నన్ను ఎగతాళి చేసేవాడు.

తెలంగాణ వచ్చిన ఏడు, మేము మిర్యాలగూడ ఇల్లు వదిలేముందు చివరిసారి ఆ సందుకు పోయాను. కోడలు బండి మీదికి గ్యాస్ తెచ్చుకుంది. ఇంట్లో మాత్రం సగం గ్యాస్, సగం ఊక. దగ్గు తగ్గిందా అని అడిగితే, "సగం తగ్గింది టీచరమ్మ" అని నవ్వింది. గేటు ఆకుపచ్చ రంగు పెచ్చులూడి తుప్పు కనపడుతోంది. ముసలామెకు చూపు బాగా తగ్గింది. ఆ పొగ వల్లనా, వయసు వల్లనా అని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. నన్ను గొంతుతో గుర్తుపట్టి, నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. తాళంచెవి కొంగున అట్లాగే ఉంది.

"గా మద్రాసు పిల్ల మళ్ల వస్తదా?" అని అడిగింది.

తెలియదన్నాను. వాళ్ల పని ఈ ఊళ్లో అయిపోయి ఉంటుందన్నాను.

"వస్తే ఒక్క దినం ముందుగాల సెప్పు," అంది, "ఊక ఎండకేసి ఉంచుత."